గడ్డం గీసుకునే నురగలో ఏం కలపాలి, ఏం కలపకూడదు

షేవింగ్ నురగను మెరుగు చెయ్యడానికి ఇంట్లో దొరికేవాటిలో నిజంగా పనికొచ్చేవి రెండే. ఒకటి సున్నం లేని నీళ్ళు, రెండోది గ్లిజరిన్. ఆ రెండూ కుదిరాక, కావాలంటే కాస్త కలబంద గుజ్జు. వీడియోల్లో చూపించే నిమ్మరసం, వంట సోడా, పటిక పొడి, కొబ్బరినూనె, హెయిర్ కండిషనర్ లాంటివి చాలావరకు సబ్బు చేసే పనిని చెడగొట్టేవే. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకి ఈ మాట కాస్త గట్టిగానే చెప్పాలి. ఇక్కడ చాలా ఇళ్ళలో బాత్‌రూమ్ కుళాయిలోంచి వచ్చేది బోరు నీళ్ళో, ట్యాంకర్ నీళ్ళో.

నేను ఉండేది నిజాంపేట వైపు. మంజీరా నీళ్ళు వంటింటికి, బోరు నీళ్ళు బాత్‌రూమ్‌కి అన్నది మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో మామూలు ఏర్పాటు. (వచ్చేవి కృష్ణా నీళ్ళైనా, గోదావరి నీళ్ళైనా, సర్కారు కుళాయి నీళ్ళన్నిటినీ మేము మంజీరా అనే పిలుస్తాం.) మా పిన్ని కొడుకు రాజమండ్రి నుంచి గచ్చిబౌలిలో ఉద్యోగానికి వచ్చి కొన్నాళ్ళు మా దగ్గరే ఉన్నాడు. వచ్చిన కొద్ది వారాలకే మెడ నిండా ఎర్రటి పొక్కులు. ఐదు బ్లేడుల రేజర్ కొన్నాడు. తర్వాత ఫోమ్ డబ్బా, ఆ తర్వాత ఏదో జెల్. ఆఫీసుకి వెళ్ళే రోజు పొద్దున్నే అద్దం ముందు నిలబడటమే వాడికి టెన్షన్ అయిపోయింది. "అన్నయ్యా, అక్కడా ఇదే క్రీము, ఇదే బ్లేడు. ఏ గొడవా లేదు. ఇక్కడికొచ్చాకే ఇలా" అన్నాడు. వాడి మాటలోనే కారణం ఉంది. క్రీము మారలేదు, బ్లేడు మారలేదు, ముఖం మారలేదు. నీళ్ళు మారాయి.

అసలు నురగ ఎందుకు? పొడిగా ఉన్న గడ్డం వెంట్రుక చాలా గట్టిది. నీళ్ళు పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడుతుంది. వెంట్రుకంతా కెరాటిన్ అనే ప్రొటీను. దాని పోగులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీళ్ళు చేరగానే సడలుతాయి, బ్లేడు తక్కువ బలంతోనే తెగ్గొడుతుంది. గోరువెచ్చటి నీళ్ళతో తడిపితే దీనికి రెండు మూడు నిమిషాలు చాలు. ఆ నీళ్ళను చెంప మీద ఆరిపోకుండా నిలబెట్టడం నురగ చేసే మొదటి పని. బ్లేడు జారేలా చర్మం మీద పల్చటి పొర వెయ్యడం రెండో పని. అంచేత ముఖం మీద నురగ గుట్టలా ఉండటం గొప్ప విషయమేమీ కాదు. మంచి నురగలో బుడగలు కంటికి ఆనవు, పైన తడి మెరుపు ఉంటుంది, రెండు వేళ్ళ మధ్య రుద్దితే జారుతుంది. పొంగుగా, తెల్లగా, తేలిగ్గా ఉండి వేళ్ళ మధ్య వెంటనే మాయమైపోయే నురగలో గాలి తప్ప ఏమీ లేదు.

క్రీము ట్యూబు వెనక రాసింది ఒకసారి చదవండి. స్టియరిక్ యాసిడ్, పొటాషియం హైడ్రాక్సైడ్, కొబ్బరి లేదా పామాయిల్ నుంచి తీసిన ఆమ్లాలు, గ్లిజరిన్ కనిపిస్తాయి. స్టియరిక్ నుంచి తయారైన సబ్బు చిన్న బుడగలతో చిక్కగా, నిలకడగా ఉండే నురగనిస్తుంది. కొబ్బరి ఆమ్లాల సబ్బు చప్పున పొంగుతుంది, అంతే చప్పున చల్లారుతుంది. పొటాషియంతో చేసిన సబ్బు సోడియంతో చేసినదానికన్నా నీళ్ళలో తేలిగ్గా కరుగుతుంది. ఒంటి సబ్బుతో గడ్డం గీసుకుంటే నురగ మెడ దాకా వచ్చేలోపే చెంప మీద ఆరిపోవడానికి కారణం ఇదే. అది ఎక్కువగా సోడియం సబ్బు, స్టియరిక్ తక్కువ, గ్లిజరిన్ కూడా పెద్దగా ఉండదు. ఏదైనా సరే, షేవింగ్ క్రీము కూడా సబ్బే. సబ్బుకి ఏది శత్రువో నురగకీ అదే శత్రువు.

ఇక నీళ్ళు. హైదరాబాద్ ఉన్నదే గ్రానైట్ రాతి మీద. బోరు నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోంచి వస్తాయి, వస్తూ వస్తూ కాల్షియం, మెగ్నీషియం మోసుకొస్తాయి. వాటినే మనం ఉప్పు నీళ్ళంటాం, సున్నం నీళ్ళంటాం. కుళాయి మూతికి పట్టే తెల్లటి పెచ్చు, గీజర్ కాయిల్ మీద గట్టిపడే పూత, బకెట్ అంచున చారలు, అన్నీ ఆ సున్నం వల్లే. తాగే నీళ్ళకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 10500. ఆ ప్రమాణం ప్రకారం నీళ్ళ కాఠిన్యం, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియంల మోతాదు, కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనిచోట 600 దాకా ఒప్పుకుంటుంది. బోరు నీళ్ళు ఆ రెండు అంకెల మధ్యలో ఉండటం ఇక్కడ వింతేమీ కాదు.

400 అనుకుని లెక్క వేద్దాం. ఒక్కో కాల్షియం అయాను రెండేసి సబ్బు అణువులను పట్టుకుని కరగని తెల్లటి పదార్థంగా మార్చేస్తుంది. ఆ లెక్కన అలాంటి లీటరు నీళ్ళు దాదాపు రెండున్నర గ్రాముల సబ్బును, ఒక్క బుడగ కూడా రాకముందే, మింగేస్తాయి. మనం బ్రష్ మీద పిండుకునే క్రీము మొత్తం కలిపి గ్రామో, గ్రామున్నరో. అందులోనూ అసలు సబ్బు ఒక భాగమే, మిగతాది నీళ్ళు, గ్లిజరిన్ వగైరా. మగ్గులో బ్రష్ ముంచి, తిప్పి, మళ్ళీ ముంచి తిప్పుతుంటే ఇక మిగిలేదెంత? పైగా ఆ కరగని పిసరలు ఊరుకోవు, ఉన్న బుడగలను కూడా పగలగొడతాయి. ఇంకాస్త క్రీము పిండితే నురగ వస్తుంది, కాదనను. కానీ దాంతోపాటు తెల్లటి జిడ్డు పొర కూడా చర్మం మీద, బ్లేడు సందుల్లో పేరుకుంటుంది. రేజర్‌ని ఎంత కడిగినా బ్లేడుల మధ్య ఏదో ఇరుక్కున్నట్టే ఉండటానికి కారణం అదే.

ఈ లెక్కలు నమ్మాల్సిన పని లేదు, కళ్ళతో చూడొచ్చు. మా తమ్ముడికి వంటింటి గట్టు మీద చూపించాను. రెండు ఖాళీ నీళ్ళ సీసాలు. ఒకదాంట్లో బాత్‌రూమ్ నీళ్ళు, రెండోదాంట్లో ఆర్‌ఓ నీళ్ళు, రెండూ పావు వంతే. రెండింట్లోనూ ఒంటి సబ్బు తురుము చిటికెడు చొప్పున వేసి, మూత పెట్టి అరనిమిషం ఊపాం. ఆర్‌ఓ సీసాలో నురగ మెడ దాకా ఎక్కి అక్కడే నిలిచింది, కింద నీళ్ళు తేటగానే ఉన్నాయి. బోరు సీసాలో పైన నాలుగు బుడగలు. నీళ్ళు మాత్రం విరిగిన పాలలా తెల్లటి పలుకులతో మసకబారాయి. సీసా పక్కకి వంచితే ఆ పలుకులు గోడకి అంటుకుని కిందికి జారలేదు. వాడు మూత తీసి వేలు పెట్టి చూసి, "ఇదే నా మెడకి అంటుతున్నది" అన్నాడు. మీ ఇంట్లో చేసేటప్పుడు షాంపూతోనో బట్టల పౌడర్‌తోనో చెయ్యకండి. వాటిలో ఉండేది డిటర్జెంట్, అది సున్నం నీళ్ళలో కూడా నురగనిస్తుంది కాబట్టి తేడా తెలియదు.

ఈ విషయం సెలూన్లలో పనిచేసేవాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. మూసాపేటలో నేను వెళ్ళే షాపులో ముఖం తడిపే స్ప్రే సీసాని ఎప్పుడూ కుళాయి కింద పెట్టడం చూడలేదు. మూలనున్న ఇరవై లీటర్ల క్యాన్ నుంచే నింపుతారు. ఎందుకని అడిగితే, "బోరు నీళ్ళతోని ఎంత తిప్పినా నురగ నిలవదన్నా, చెయ్యి గుంజుతది గంతే" అన్నాడతను. అతను బ్రష్ తిప్పే పద్ధతి చూస్తే ఇంకోటి కూడా తెలుస్తుంది. క్రీము పెట్టాక ఒకేసారి నీళ్ళు గుమ్మరించడు. ఒక స్ప్రే కొట్టి, ఓపిగ్గా తిప్పి, నురగ పొడిబారినట్టు కనిపించగానే మళ్ళీ ఒక స్ప్రే. చాలామంది ఇళ్ళలో నురగ పాడయ్యేది ఇక్కడే. మొదట్లోనే నీళ్ళెక్కువైతే పెద్ద బుడగలొస్తాయి, అసలు నీళ్ళు పడకపోతే ముద్దలా ఉండి ఆరిపోతుంది.

నీళ్ళు మార్చడం పెద్ద ఖర్చు కాదు. గడ్డానికి కావలసింది అరగ్లాసు, మహా అయితే గ్లాసు. ఆర్‌ఓ ఉన్న ఇంట్లో ఒక గ్లాసు పట్టుకుని పొయ్యి మీద కాస్త వెచ్చచేసుకుంటే సరి. మంజీరా నీళ్ళు వచ్చే కుళాయి ఉంటే అవీ బోరు నీళ్ళకన్నా నయం. వానాకాలంలో డాబా కడిగిపోయాక పట్టిన వాన నీళ్ళు ఇంకా మేలు, వాటిలో సున్నం ఉండదు. బోరు నీళ్ళనే మరగబెట్టి చల్లార్చి, అడుగున తెల్లటి మడ్డి కదలకుండా పైతేట వంచుకుంటే కొంత గుణం కనిపిస్తుంది, బైకార్బొనేట్ రూపంలో ఉన్న సున్నం మాత్రమే అలా పోతుంది, మిగతాది పోదు. ఒక్క జాగ్రత్త. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే నీళ్ళను చాలామంది ఇల్లు తుడవడానికి బకెట్లో పట్టి పెడతారు, మంచి అలవాటే. కానీ వాటితో గడ్డం గీసుకోకండి. వడపోతలో ఆగిన సున్నమంతా చిక్కబడి ఆ బకెట్లోనే ఉంటుంది.

టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాలన్నిటి మొత్తం, కొలిచే మీటరు చూపించి వాదించేవాళ్ళుంటారు. టీడీఎస్ వేరు, కాఠిన్యం వేరు. టీడీఎస్‌లో సోడియం కూడా లెక్కకొస్తుంది. అపార్ట్‌మెంట్లో సాఫ్ట్‌నర్ పెట్టిస్తే అది కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. మీటరు మీద అంకె దాదాపు అలాగే ఉంటుంది, సబ్బు మాత్రం బ్రహ్మాండంగా నురగ ఇస్తుంది. డబ్బు దండగైందని అసోసియేషన్ మీటింగులో గొడవపడేముందు సబ్బు తురుముతో సీసా ఊపి చూడండి.

ఆర్‌ఓ లేదు, క్యాన్ లేదు, హాస్టల్లో ఉన్నాం అంటారా? దానికీ ఒక దారి ఉంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, మూడు గ్రాములు. వంట సోడా నాలుగు గ్రాములు. రెండింటినీ అరగ్లాసు నీళ్ళలో, అంటే వంద మిల్లీలీటర్లలో, కొద్దికొద్దిగా కలిపితే బుసబుసా పొంగుతుంది. పొంగు పూర్తిగా ఆగాక మిగిలేది సోడియం సిట్రేట్ ద్రావణం. గ్లాసు బోరు నీళ్ళలో ఇది ఒక చెంచా వేస్తే సిట్రేట్ కొంత కాల్షియాన్ని తనతో కట్టేసుకుంటుంది, ఆ మేరకు సబ్బు బతుకుతుంది. ఆర్‌ఓ నీళ్ళకి సాటి రాదు. సబ్బులు తయారు చేసే కంపెనీలు కూడా ఇదే పనికి ఈడీటీఏ లాంటివి కలుపుతాయి, రేపర్ మీద పేరు కనిపిస్తుంది. సిట్రేట్ ద్రావణం ఎక్కువ రోజులు నిలవ ఉంచితే బూజు పడుతుంది, కొంచెమే చేసుకోండి.

ఇప్పుడు గ్లిజరిన్. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు. మెడికల్ షాపులో చిన్న సీసా వంద రూపాయల లోపే వస్తుంది, నెలల తరబడి సరిపోతుంది. చలికాలంలో పన్నీరుతో కలిపి చేతులకి రాసుకోవడం మన ఇళ్ళలో పాత అలవాటే. గ్లిజరిన్‌కి నీళ్ళంటే ప్రాణం, పట్టుకుంటే వదలదు. నురగలో చేరితే రెండు పనులు చేస్తుంది. బుడగ గోడలోని నీళ్ళు చిక్కబడి కిందికి తొందరగా జారవు, గాలికి తొందరగా ఆరవు. హైదరాబాద్ ఎండాకాలంలో దీని విలువ తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలిలో చెమ్మ ఉండదు, ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, ఎడమ చెంప గీసేలోపు కుడి చెంప మీద నురగ పెచ్చు కట్టేస్తుంది. అదే నురగలో గ్లిజరిన్ ఉంటే గడ్డం, మెడ అంతా అయ్యేదాకా తడిగా ఉంటుంది.

ఎంత వెయ్యాలన్నదే అసలు సంగతి. గ్రాము క్రీముకి మూడు నాలుగు చుక్కలు. పది పదిహేను చుక్కలు వేస్తే నురగ పొంగదు, జారుడు ఎక్కువై బ్రష్ కింద సాగుతుంది, రేజర్ పిడి కూడా చేతిలో నిలవదు. క్రీముతోపాటు మొదటే వేసెయ్యకుండా, నురగ సగం కట్టాక వెయ్యండి. అప్పుడు బుడగలు చెదరకుండా కలుస్తుంది. తడి చర్మం మీద కాస్త వెచ్చగా అనిపిస్తుంది, భయపడక్కర్లేదు, నీళ్ళతో కలిసినప్పుడు కొద్దిగా వేడి పుట్టడం దాని గుణం. పొడి చర్మానికి నేరుగా చిక్కటి గ్లిజరిన్ మాత్రం పూయకండి. గాలిలో చెమ్మ దొరకనప్పుడు అది చర్మంలోని నీళ్ళనే లాగుతుంది.

కలబంద గుజ్జు నురగను పెంచదు, జారుడు పెంచుతుంది. కుండీలో మట్ట ఉంటే కోసి కాసేపు నిలబెట్టి, పసుపురంగు జిగురు కారిపోయాక లోపలి తెల్ల గుజ్జు మాత్రం తీసి, మెత్తగా గిలక్కొట్టి, పావు చెంచా కలపండి. ఆ పసుపు జిగురు కొందరికి దురద పెడుతుంది. మెంతులు నానబెట్టిన నీళ్ళు కూడా ఇదే కోవలోవి. వాటి బంక నీళ్ళను చిక్కబరుస్తుంది, నురగ మెల్లగా ఆరుతుంది. వాసన ఆఫీసు దాకా వస్తుందని నేను వాడటం మానేశాను కానీ గుణంలో వంక పెట్టలేను. ఈ రెండూ ఏ రోజుకారోజు చేసుకోవాల్సినవే.

కలపకూడనివాటి సంగతికొస్తే, నిమ్మరసం దగ్గర మొదలుపెట్టాలి. సబ్బు క్షార గుణం ఉన్నది. నేరుగా ఆమ్లం పడితే విరిగిపోయి జిడ్డు ఆమ్లంగా మారుతుంది, నురగ కళ్ళ ముందే కూలిపోతుంది. పైన చెప్పిన సోడియం సిట్రేట్‌లో ఆమ్లం మిగలదు కాబట్టే అది వేరు సంగతి. వంట సోడా ఒక్కటే వేస్తే నురగకి ఒరిగేదేమీ లేదు, చర్మానికి ఇంకాస్త క్షారం తగులుతుంది. పటికలో అల్యూమినియం ఉంటుంది, అది కూడా కాల్షియంలాగే సబ్బుని కరగని పదార్థంగా మారుస్తుంది. పటిక చోటు షేవింగ్ అయ్యాక, తడి ముఖం మీద, సెలూన్లో రుద్దే పద్ధతిలోనే. కొబ్బరినూనె గిన్నెలో పడితే బుడగలు చస్తాయి. గరుకు గడ్డం ఉన్నవాళ్ళు ముందుగా మెడ మీద ఒక్క చుక్క రాసి, దానిపైన నురగ వేసుకుంటే ఫర్వాలేదు. హెయిర్ కండిషనర్ సంగతి చాలామందికి తెలియదు. దానిలోని పదార్థాలకి ధనావేశం, సబ్బుకి ఋణావేశం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని పనికిరాకుండా పోతాయి. కుంకుడు రసం బోరు నీళ్ళలోనూ చక్కగా నురుగుతుంది, సున్నంతో విరగదు. అయినా ముఖానికి వద్దంటాను. కళ్ళల్లో పడితే ఎలా మండుతుందో తలంటు పోసుకున్నవాళ్ళందరికీ తెలుసు, బుడగలు కూడా పెద్దవి, నిలవవు.

తాగే నీళ్ళతో గడ్డం గీసుకోవడమా అని మా పెద్దమ్మ కోప్పడింది. ఆ బాధ నాకర్థమవుతుంది. ట్యాంకర్ కోసం ఫోన్లు చేసి చేసి విసిగిపోయే వీధిలో ఉంటూ నీళ్ళు పారబోసే మాట చెప్పలేను. కానీ రోజుకి గ్లాసు నీళ్ళతో పోయేదానికి, మరింత క్రీము పిండి, జిడ్డు వదలక బకెట్ నీళ్ళతో ముఖం, రేజర్ కడుక్కుంటున్నాం. చివర్లో ముఖం కడగడానికి మామూలు కుళాయి నీళ్ళే వాడొచ్చు. నురగ చెయ్యడానికి, బ్లేడు ముంచడానికి మాత్రమే ఆ గ్లాసు. బ్లేడు ముంచే నీళ్ళు కూడా ఎందుకు మంచివి కావాలంటే, రెండోసారి గీసేటప్పుడు ముఖం మీద ఉన్న నురగలోకి బోరు నీళ్ళు చేరితే కష్టపడి చేసిందంతా మళ్ళీ విరుగుతుంది.

మా తమ్ముడు ఇప్పుడు రెండు వైపులా పదునున్న మామూలు బ్లేడు, ఇంతకుముందు వాడిన క్రీమే వాడుతున్నాడు. పొక్కులు చాలావరకు తగ్గాయి. పూర్తిగా నీళ్ళ మహిమే అనను. వెంట్రుక పెరిగే దిక్కుకి ఎదురుగా గీయడం కూడా మానేశాడు, మెడ మీద దాని ప్రభావం చాలా ఉంటుంది. నీళ్ళు, పద్ధతి మార్చినా చీము పొక్కులు తగ్గకపోతే చర్మం డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. కలబంద అయినా, గ్లిజరిన్ అయినా మొదటిసారి వాడేముందు మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడండి.

బ్రష్ గురించి కూడా చెప్పాలి. ఇన్నాళ్ళూ బోరు నీళ్ళతో వాడిన బ్రష్‌లో వెంట్రుకల మొదళ్ళ దగ్గర సున్నం జిడ్డు పట్టేసి ఉంటుంది, కుచ్చు గట్టిగా, అంటుకుపోయినట్టు ఉంటుంది. అలాంటి బ్రష్‌తో ఎంత మంచి నీళ్ళు వాడినా మొదటి రోజుల్లో తేడా తెలియదు. గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, కుచ్చు మాత్రమే మునిగేలా పది నిమిషాలు ఉంచండి. సున్నం విడిపోతుంది, మిగిలిన జిడ్డు కాస్త షాంపూతో పోతుంది. తర్వాత ఆర్‌ఓ నీళ్ళతో జాడించి, గట్టిగా విదిలించి, కుచ్చు కిందికి ఉండేలా వేలాడదీయండి. మర్నాడు పొద్దున్న నుంచి మొదలుపెట్టొచ్చు.